రవ్వ ఇడ్లీ వేరు, ఇడ్లీ రవ్వ వేరు: లాల్‌బాగ్ రోడ్డు ఎంటీఆర్ పళ్లెంలో 1942

బెంగళూరుకి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు తప్పకుండా పొరబడే మాట ఒకటుంది. మన ఇళ్లలో ఇడ్లీ రవ్వ అంటే బియ్యపు రవ్వ. గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల రవ్వ లెక్కన రాత్రి కలిపి పెడితే పొద్దునకి పొంగుతుంది. ఇక్కడ రవ్వ ఇడ్లీ అంటే గోధుమ నుంచి తీసిన బొంబాయి రవ్వతో చేసేది. అందులో బియ్యం లేదు, రుబ్బిన మినప్పిండి లేదు, రాత్రంతా పులియబెట్టే పని అంతకన్నా లేదు. రెండు మాటలు అటూ ఇటూ అయ్యేసరికి ధాన్యమే మారిపోయింది. గాంధీ బజార్ దుకాణంలో ‘ఇడ్లీ రవ్వ ఇవ్వండి’ అని తెచ్చుకుని, దాన్ని పెరుగులో కలిపి ఆవిరి మీద పెట్టి, ఇదేంటి ఇసకలా వచ్చిందని తల పట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

లాల్‌బాగ్ రోడ్డులోని ఎంటీఆర్, అంటే మావళ్లి టిఫిన్ రూమ్స్, ఈ రవ్వ ఇడ్లీ మా వంటింట్లోనే పుట్టిందంటుంది. ఉడుపి వైపు నుంచి వచ్చిన మయ్య సోదరులు 1924లో ‘బ్రాహ్మిణ్ కాఫీ క్లబ్’ పేరుతో పెట్టిన హోటల్ ఇది. ఇప్పుడున్న భవనానికి 1960లో మారింది. రెండో ప్రపంచ యుద్ధంలో బియ్యం కరువైనప్పుడు రవ్వతో ఇడ్లీ చేసి చూశామని, అది నిలిచిపోయిందని వాళ్లు చెబుతారు. హోటళ్లు చెప్పుకునే పుట్టుకథలన్నీ నమ్మాల్సిన పని లేదు. కానీ ఈ కథకు సాక్ష్యం పళ్లెంలోనే ఉంది కాబట్టి ముందు పళ్లెం చూద్దాం.

పళ్లెం రాగానే నెయ్యి గిన్నె ఎత్తి పోసేయకండి. వేలితో ఇడ్లీని ఒకసారి నొక్కండి. మన ఇడ్లీ అయితే దూదిలా లోపలికి పోయి మళ్లీ పైకి వస్తుంది. ఇది అలా రాదు. కాస్త దిగి, అంచున పగిలి, పలుకులు పలుకులుగా విడిపోతుంది. ఆ పలుకే దీని ప్రాణం. రవ్వ గింజ ఒక్కొక్కటీ ఉడికి ఉండాలి, పక్కదానికి అతుక్కుని ముద్ద కాకూడదు. విరిచి చూస్తే ఆవాలు, ఎర్రగా వేగిన పచ్చిశనగపప్పు, కరివేపాకు ముక్క, కొత్తిమీర, జీడిపప్పు కనిపిస్తాయి. ముందు మీదికి వచ్చేది నెయ్యి వాసన, దాని వెనకాల పెరుగు పులుపు. ఆ పులుపు నాలుక చివర తగిలీ తగలనట్టుండాలి. ఇక్కడ అలాగే ఉంటుంది. ఇవన్నీ చూశాక నెయ్యి పోసుకోండి. పలుకుల మధ్య సందుల్లోకి అది ఇంకిపోతుంది, పళ్లెంలో మడుగు కట్టదు. మడుగు కట్టిందంటే ఇడ్లీ బిగిసిపోయిందని లెక్క. ఏ హోటల్లోనైనా చేసి చూడదగ్గ పరీక్ష ఇది.

పక్కన సాంబారు రాదు, సాగు వస్తుంది. బంగాళాదుంపలో కొబ్బరి, కొత్తిమీర, పచ్చిమిర్చి నూరిన ముద్ద వేసి చిక్కగా ఉడికించే కూర అది. సాంబారు పలుచన, రవ్వ ఇడ్లీ దాన్ని స్పాంజిలా పీల్చుకుని క్షణంలో గంజి అయిపోతుంది. చిక్కటి సాగు పైనే కూర్చుంటుంది, ఈ జత అందుకే. ఇక తెలుగు నాలుకకి ఒక హెచ్చరిక. కారం తక్కువ. అల్లం పచ్చడి, కారప్పొడి కోసం చుట్టూ చూడకండి, దొరకవు. రాయలసీమ వాళ్లకి మొదటి ముద్దలో చప్పగా అనిపిస్తుంది. ఉన్నమాట చెప్పాలంటే ఈ ఇడ్లీకి కారం కలిస్తే పెరుగు రుచి చచ్చిపోతుంది, అడగకపోవడమే నయం.

ఇప్పుడు సాక్ష్యం సంగతి. మామూలు ఇడ్లీకి ఏం కావాలి? బియ్యం, మినప్పప్పు, రోలు, రుబ్బేందుకు మనిషి, ఒక రాత్రి. రవ్వ ఇడ్లీలో ఈ ఐదూ లేవు. ఒక్క వస్తువు దొరక్కపోతే ఇంకొకటి వేసిన వంటకంలా లేదిది. ‘బియ్యం ఎప్పుడొస్తుందో తెలియదు, పొద్దున మనుషులు మాత్రం వస్తారు’ అనే స్థితిలో ఉన్న వంటింటి ఆలోచనలా ఉంది. పిండి ముందురోజే రుబ్బి పెట్టుకోనక్కర్లేదు. ఉన్న రవ్వకి సరిపడా కలిపి, అరగంటలో దించేయొచ్చు. మిగిలి పులిసిపోయేదంటూ ఉండదు. రేషన్ కాలపు హోటల్‌కి ఇంతకన్నా కావాల్సిందేముంది?

ఆ స్థితి ఎలా వచ్చిందో తెలియాలంటే తెలుగువాళ్లు రంగం వైపు చూడాలి. మన పెద్దలు రంగూన్‌ని రంగం అనేవాళ్లు. కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి ఓడెక్కి రంగం వెళ్లి, రేవుల్లో, బియ్యం మిల్లుల్లో కూలి చేసిన తెలుగువాళ్లు వేలకు వేలు. 1930ల నాటికి బర్మాలో తెలుగువాళ్లు లక్షకు పైనే. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ బియ్యం ఎగుమతి చేసిన దేశం అప్పట్లో బర్మా. ఏడాదికి దాదాపు 30 లక్షల టన్నులు. అందులో సగం దాకా ఇండియాకే వచ్చేది. దేశం మొత్తం పంటతో పోల్చి చూస్తే అది చిన్న వాటానే. అయితే ఓడలో వచ్చిన బియ్యం దేశమంతా సమంగా పరుచుకోదు కదా. మద్రాసు రేవు, మలబారు, తిరువాన్కూరు, కొచ్చి లాంటి చోట్ల పొయ్యి మీద కుండ ఆ ఓడల మీదే ఆధారపడి ఉండేది.

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడింది. మార్చి 8న జపాన్ సేన రంగూన్‌లో అడుగుపెట్టింది. బర్మా బియ్యం ఆగిపోయింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. బర్మా నుంచి దాదాపు 5 లక్షల మంది భారతీయులు అడవుల్లోంచి, కొండల మీదుగా వెనక్కి వచ్చారు. దారిలోనే పోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. అంతకుముందు బియ్యం మూటలు మోసిన చేతులు ఇప్పుడు బియ్యం కోసం వరసలో నిలబడ్డాయి. 1943లో బెంగాల్‌లో సుమారు 30 లక్షల మంది ఆకలికి, దాని వెంట వచ్చిన రోగాలకి చనిపోయారు. బర్మా బియ్యం ఆగడం ఒక్కటే దానికి కారణం కాదు. ధరలు ఆకాశానికి ఎక్కడం, సైన్యం కోసం ధాన్యం కొనిపెట్టడం, శత్రువుకి చిక్కకూడదని పడవలు లాక్కోవడం, రాష్ట్రాల మధ్య ధాన్యం కదలనివ్వకపోవడం, సర్కారు కళ్లు మూసుకోవడం, అన్నీ కలిశాయి.

1943 నుంచి పెద్ద పట్టణాల్లో ఒక్కొక్కటిగా రేషన్ వచ్చింది. రోజుకి మనిషికి ఒక పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, అని ఆ ఏడాది ధాన్య విధాన సంఘం సూచించింది. బియ్యం తినే ఊళ్లకి ఆ కోటాలో కొంత గోధుమగానో జొన్నగానో ఇచ్చారు. ‘కంట్రోలు బియ్యం’, ‘కంట్రోలు బట్ట’ అనే మాటలు తెలుగులో స్థిరపడింది అప్పుడే. మన పల్లెల్లో చౌక డిపోని ఇప్పటికీ కంట్రోలు షాపు అనే ముసలివాళ్లు కనిపిస్తారు. గోధుమని ఏం చేసుకోవాలో తెలియని దక్షిణాది వంటింటికి ఆ కోటా ఒక చిక్కు ప్రశ్న. రవ్వ ఇడ్లీ దానికి దొరికిన జవాబుల్లో ఒకటి.

బెంగళూరుకి ఆ చిక్కు రెండింతలైంది. 1940 డిసెంబరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ మొదలైంది. 1943 నాటికి దాన్ని అమెరికా వైమానిక దళం తన చేతిలోకి తీసుకుని విమానాల మరమ్మతు కేంద్రంగా నడిపింది. జాలహళ్లి వైపు ఇటలీ యుద్ధఖైదీల శిబిరాలు, సైనిక ఆసుపత్రులు వెలిశాయి. 1941 జనగణనలో 4 లక్షల పైచిలుకు ఉన్న ఊరు 1951కి 7.8 లక్షలకి చేరింది. ఇల్లు వదిలి వచ్చిన మగవాళ్లు, పొద్దున్నే షిఫ్టు, చేతిలో జీతం, ఇంట్లో వంట లేదు. టిఫిన్ హోటల్‌కి అంతకన్నా గిరాకీ కాలం ఉండదు, అంతకన్నా సరుకు లేని కాలమూ ఉండదు. అప్పుడు మైసూరు దివాను న్యాపతి మాధవరావు. ఇంటిపేరు వింటే తెలుగువాళ్లకి వేరే పరిచయం అక్కర్లేదు. రాజ్యాంగ ముసాయిదా సంఘంలో తర్వాత సభ్యుడైంది ఈయనే.

సరే, ఇంట్లో చేసుకోవాలంటే ఎలా? ఎంటీఆర్ కొలతలు బయటివాళ్లకి తెలియవు. ఆ పలుకు, ఆ గుల్ల రావడానికి పనికొచ్చే కొలతలు ఇవి.

కప్పు బొంబాయి రవ్వ, అంటే 170 గ్రాములు. మధ్యరకం తీసుకోండి. బెంగళూరు దుకాణాల్లో దొరికే చిరోటి రవ్వ మరీ సన్నం, ముద్దవుతుంది. బన్సీ రవ్వ మరీ లావు, నడిమికి ఉడకదు. పుల్లటి చిక్కని పెరుగు ఒక కప్పు. నీళ్లు అర కప్పు, పక్కన మరో పావు కప్పు. నెయ్యి రెండు పెద్ద చెంచాలు. ఉప్పు ముప్పావు చెంచా. వంటసోడా పావు చెంచా, గీసి కొలవాలి. పోపుకి అర చెంచా ఆవాలు, చెంచా పచ్చిశనగపప్పు, ఎనిమిది పది జీడిపప్పులు, రెండు పచ్చిమిర్చి, అర అంగుళం అల్లం, కరివేపాకు, చిటికెడు ఇంగువ. ఈ కొలతకి ఎనిమిది నుంచి పది ఇడ్లీలు వస్తాయి.

బాణలిలో నెయ్యి కాగాక ఆవాలు చిటపటలాడనిచ్చి శనగపప్పు వెయ్యండి. అది పూర్తిగా ఎర్రబడే వరకు రవ్వ జోలికి పోవద్దు. రవ్వ పడ్డాక పప్పు ఇక వేగదు, పంటికింద రాయిలా మిగులుతుంది. జీడిపప్పు, మిగతావి వేసి, మంట తగ్గించి రవ్వ పోసి ఏడెనిమిది నిమిషాలు కలుపుతూ వేయించండి. రంగు మారకూడదు, గింజ గరగరలాడాలి, కమ్మటి వాసన రావాలి. ఈ వేయింపు రుచి కోసమే అనుకుంటారు చాలామంది. అసలు పని వేరే ఉంది. గింజ చుట్టూ నెయ్యి పూత పడితే నీళ్లు నెమ్మదిగా ఇంకుతాయి, పిండిపదార్థం బయటికి కారి జిగురు కాదు. పలుకుకి కారణం అదే. తర్వాత రవ్వ పూర్తిగా చల్లారాలి. వేడి రవ్వలో పెరుగు పోస్తే పైపైన ఉడికి ఉండలు కడుతుంది, ఆ ఉండలు ఇక విడిపోవు.

చల్లారిన రవ్వలో ఉప్పు, పెరుగు, అర కప్పు నీళ్లు, కొత్తిమీర కలిపి ఇరవై నిమిషాలు వదిలేయండి. తీసి చూస్తే బిగిసి ఉంటుంది. మిగతా పావు కప్పులో కావలసినన్ని నీళ్లు పోసి, గరిటె నుంచి ముద్దగా జారి పడేలా చేసుకోండి. ధారలా కారితే నీళ్లెక్కువైనట్టు. ఈలోపు ఇడ్లీ పాత్రలో నీళ్లు తెర్లుతుండాలి, రేకులకి నెయ్యి రాసి ఉండాలి. అప్పుడు మాత్రమే సోడా. దాన్ని చెంచా నీళ్లలో కరిగించి పోసి, నాలుగైదు తిప్పులు తిప్పి, వెంటనే రేకుల్లో వేసి మూత పెట్టండి. పెద్దమంట మీద పది నుంచి పన్నెండు నిమిషాలు. దించాక నాలుగు నిమిషాలు ఆగి, తడి చెంచాతో తియ్యండి.

ఎక్కువమంది పాడుచేసుకునేది సోడా దగ్గరే. కాస్త లెక్క చూద్దాం. పావు చెంచా సోడా 1.2 గ్రాములు ఉంటుంది. అది పూర్తిగా విరగడానికి 1.3 గ్రాముల లాక్టిక్ ఆమ్లం కావాలి. బాగా పులిసిన పెరుగు కప్పులో రెండు గ్రాముల వరకు ఆమ్లం ఉంటుంది. అంటే సోడా అంతా వాయువై పోయి, కాస్త పులుపు మిగులుతుంది. ఆ మిగిలిన పులుపే మనకి తెలిసే రుచి. ఇంకా గుల్లగా రావాలని అర చెంచా వేస్తే పెరుగు చాలదు. మిగిలిన సోడా సబ్బు రుచిగా, పసుపుపచ్చని మచ్చలుగా తేలుతుంది. అందులో పసుపు కూడా వేసుంటే ఎర్రటి చుక్కలు పడతాయి, క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. తియ్యటి పెరుగు వాడినా ఇదే గతి. పెరుగు పుల్లగా లేకపోతే సగం నిమ్మకాయ పిండండి. లేదా సోడా బదులు ఈనో చెంచా వేసుకోండి, దానిలో పులుపు దానికే ఉంటుంది. సోడా కలిపాక ఫోన్ వచ్చిందని పది నిమిషాలు ఆగితే బుడగలన్నీ పోయి అప్పచ్చి దిగుతుంది. నీళ్లు మరగకముందే పెట్టినా అంతే. పొంగినట్టే పొంగి నడిమిలో కుంగిందంటే నీళ్లో సోడానో ఎక్కువ పడిందన్నమాట.

ఇక్కడ బెంగళూరు చలి గురించి ఒక మాట. డిసెంబరులో రాత్రి వేడి 16 డిగ్రీలకి దిగుతుంది. మామూలు ఇడ్లీ పిండి 30 డిగ్రీల దగ్గర పది పన్నెండు గంటల్లో పొంగేది, ఆ చలిలో పొద్దున చూస్తే కలిపినట్టే ఉంటుంది. విజయవాడ నుంచి వచ్చినవాళ్లు మినప్పప్పుని తిడతారు. రవ్వ ఇడ్లీకి ఈ బాధ లేదు. ఈ ఊరి వంటింట్లో అది యుద్ధం తర్వాత కూడా నిలబడిపోవడానికి చలి కూడా ఒక కారణమని మా అనుమానం.

పొట్లం పిండి సంగతి కూడా చెప్పాలి, చాలామందికి ఎంటీఆర్ అంటే అదే తెలుసు. అది పుట్టింది ఇంకో కంట్రోళ్ల కాలంలో. 1975లో ఎమర్జెన్సీ వచ్చినప్పుడు హోటల్ తిండి ధరలకి సర్కారు పరిమితి పెట్టింది. ఆ ధరకి నెయ్యితో వండితే నష్టం. అప్పుడు మయ్యలు పొడులు, మిక్సులు పొట్లాలు కట్టి అమ్మడం మొదలుపెట్టారు. 2007లో ఆ పొట్లాల కంపెనీని నార్వే సంస్థ ఓర్క్లా కొనుక్కుంది. లాల్‌బాగ్ రోడ్డు హోటల్ మాత్రం కుటుంబం చేతిలోనే ఉంది. పేరు ఒకటే, యజమానులు వేరు. ఒకదాని రుచి చూసి రెండోదానికి మార్కులు వెయ్యకండి. ఏ కంపెనీ రవ్వ ఇడ్లీ మిక్సుకైనా ఒక సూత్రం వర్తిస్తుంది. సోడా అందులో ముందే కలిసి ఉంటుంది కాబట్టి తడి తగిలిన క్షణం నుంచే గడియారం మొదలైనట్టు. వెనక రాసినంతసేపే నానబెట్టండి. పొట్లం విప్పి నెలలు దాటితే గాలిలో తేమకి సోడా సగం చచ్చిపోతుంది, ఇడ్లీ పొంగదు. చుట్టాలొచ్చిన పూట పనికొస్తుంది. ఎదురుగా రెండూ పెడితే వేయించిన నెయ్యి వాసన దగ్గర పొట్లం ఓడిపోతుంది.

లేని సరుకుని తప్పించుకోబోయి పుట్టిన తిండి మనకే కాదు, 1940ల పదేళ్లలో లోకమంతా ఇదే పని చేసింది. 1940లో జర్మనీకి కోకాకోలా సిరప్ రావడం ఆగిపోతే అక్కడి ఫ్యాక్టరీ పాల విరుగు తేట, ఆపిల్ పిప్పి లాంటి మిగులు సరుకుతో ఒక పానీయం చేసింది. దాని పేరు ఫాంటా. 1946లో ఇటలీలోని ఆల్బా ఊళ్లో కోకో దొరక్క, చుట్టుపక్కల పండే హేజెల్ గింజలు దట్టించి ఫెరేరో ఒక చాక్లెట్ ముద్ద చేశాడు. ఇప్పుడు పిల్లలు రొట్టెకి రాసుకునే నుటెల్లా దాని వారసురాలే. అవి డబ్బాలకెక్కి ప్రపంచం చుట్టాయి. వాటి ఈడుదే మన ఇడ్లీ. ఇది వేడిగా ఉన్నప్పుడే తినాలి, అందుకే ఊరు దాటడానికి దీనికి ఎక్కువ కాలం పట్టింది.

యుద్ధం 1945లో ముగిసింది, ఆకలి ముగియలేదు. 1946లో ఇండియాలో రేషన్ పౌను నుంచి 12 ఔన్సులకి, అంటే 340 గ్రాములకి తగ్గించారు. కరవులో అధిక మాసం అంటే అదే. గెలిచిన బ్రిటన్ కూడా అదే ఏడాది జూలైలో రొట్టెకి రేషన్ పెట్టింది, యుద్ధం నడిచినన్నాళ్లూ పెట్టని రేషన్ అది. 1947 డిసెంబరులో ఇక్కడ కంట్రోళ్లు ఎత్తేశారు, ధరలు ఎగిసి 1948లో మళ్లీ తెచ్చారు. బర్మా వరి పొలాలు, మిల్లులు దెబ్బతిన్నాయి. యుద్ధం ముందునాటి ఎగుమతి దశాబ్దాలపాటు తిరిగి రాలేదు. 1951లో అమెరికా నుంచి 19 కోట్ల డాలర్ల అప్పు మీద 20 లక్షల టన్నుల ధాన్యం వచ్చింది. బియ్యం తూర్పు నుంచి రావడం ఆగి, గోధుమ పడమర నుంచి రావడం మొదలైంది. రవ్వ ఇడ్లీ ఆ మలుపు దగ్గరే కూర్చుని ఉంది. 1952లో రాజాజీ మద్రాసు రాష్ట్రంలో ఆహార కంట్రోళ్లు ఎత్తేశాక బియ్యం బజార్లోకి వచ్చింది. బియ్యం వచ్చాక కూడా రవ్వ ఇడ్లీని మెనూలోంచి తియ్యలేదు. పత్యం ముగిశాక పత్యపు తిండి ఎవరు తింటారు? దీన్ని తిన్నారు.

1951లోనే ఎంటీఆర్ యజ్ఞనారాయణ మయ్య యూరప్ వెళ్లారు. యుద్ధం తర్వాత అమెరికా ఇచ్చిన మార్షల్ సాయంతో లేచి నిలబడుతున్న యూరప్ అది. లండన్‌లో ఇంకా మాంసం, చక్కెర రేషన్ మీదే ఉన్నాయి. సరుకు అంతంతమాత్రమైనా అక్కడి హోటళ్ల శుభ్రత ఆయనకి నచ్చింది. తిరిగొచ్చాక కప్పులు, చెంచాలు ఆవిరితో శుద్ధి చేసే పద్ధతి తెచ్చారు. బ్రాహ్మిణ్ కాఫీ క్లబ్ పేరు పోయి మావళ్లి టిఫిన్ రూమ్స్ అన్న పేరు రావడమూ ఆ యాత్ర తర్వాతే. కులం పేరు దిగి పేట పేరు ఎక్కింది. రిపబ్లిక్ కొత్తగా వచ్చిన రోజులు, ఆ మార్పు అప్పుడు రావడంలో వింత లేదు.

చివర కాఫీ తాగకుండా లేవకండి. బియ్యం కథకి అది అచ్చంగా తిరగేసిన కథ. యుద్ధంలో ఓడలు లేక బియ్యం రాలేదు, అదే ఓడలు లేక కాఫీ పోలేదు. కూర్గు, చిక్కమగళూరు కాఫీ కొనే యూరప్ బజార్లు 1940లో మూసుకుపోయాయి. గింజలు గోదాముల్లో పడి ఉంటే సర్కారు పంటంతా ఒక పూల్‌లోకి, అంటే ఒకే ఉమ్మడి నిల్వలోకి తెచ్చి, స్వదేశంలోనే అమ్ముకునే దారి పట్టింది. ఇండియా కాఫీ హౌస్‌లు ఊరూరా పెరగడానికి ఆ మిగులే కారణం. 1957లో సర్కారు కాఫీ బోర్డు వాటిని వదిలించుకుంటే పనివాళ్లు సహకార సంఘం పెట్టుకుని నడిపారు, అలాంటి మొదటి సంఘం పుట్టింది ఈ బెంగళూరులోనే. ఎంటీఆర్ కాఫీ చిక్కన, పాలు ఎక్కువ, డికాషన్ గట్టిది. చక్కెర తక్కువ కావాలంటే ముందే చెప్పండి, తర్వాత చెబితే ప్రయోజనం లేదు.

వెళ్లేవాళ్ల కోసం. పొద్దున ఆరున్నరకి టిఫిన్ మొదలు. ఆదివారం ఎనిమిది దాటితే పేరు రాయించుకుని పిలుపు కోసం నిలబడాల్సిందే, బల్ల మీద ఎదురుగా తెలియనివాళ్లు కూర్చుంటారు. మామూలు రోజు ఏడుకి ముందు వెళ్తే లాల్‌బాగ్‌లో నడక కూడా కలిసొస్తుంది. మెట్రోలో లాల్‌బాగ్ స్టేషన్ అన్న పేరు చూసి దిగితే తోటకి ఇంకో పక్క తేలతారు, అక్కడి నుంచి ఆటో పట్టాలి. ఇద్దరు వెళ్తే రవ్వ ఇడ్లీ తలా ఒకటి, దోసె ఇద్దరికీ కలిపి ఒకటి చెప్పండి. రెండు రవ్వ ఇడ్లీలు ఒకరే తినగలమనుకోవద్దు, నెయ్యి ఊరుకోదు. పార్సిల్ కట్టించుకోకండి. అరగంట దాటితే నెయ్యి గడ్డకట్టి, పలుకు బిగిసి ఇడ్లీ పెళుసెక్కుతుంది. తప్పనిసరైతే ఇంటికెళ్లి మూడు నిమిషాలు ఆవిరి మీద పెట్టండి, మైక్రోవేవ్‌లో పెడితే అంచులు రబ్బరవుతాయి. సాగు మాత్రం విడిగా, చిన్న మంట మీద, చెంచా నీళ్లు చిలకరించి వేడి చేసుకోవాలి.